1974 నుంచి 1987 దాకా: ఒక్క కాలం పాటలే వినాలనుకుంటే

ఎవరి ఫోన్లో చూసినా "పాత పాటలు" అని ఒక ప్లేలిస్టు ఉంటుంది. తెరిస్తే ఘంటసాల పక్కన ఇళయరాజా, ఆయన పక్కన కీరవాణి. ఒక పాట మోనో (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం), ఇంకోటి స్టీరియో (చెవికో శబ్దం). ఒకదానికి వాల్యూమ్ పెంచాలి, వెంటనే వచ్చేదానికి తగ్గించాలి. ఒక పాట తీరుకు చెవి అలవాటు పడేలోపు అది అయిపోయి వేరే లోకం మొదలవుతుంది. ఇలా కలగాపులగంగా విన్నన్నాళ్లూ ప్రతి కాలం నుంచీ అందరికీ తెలిసిన ఆ ఇరవై పాటలే చెవిన పడతాయి. ఇరవై ఒకటో పాట దాకా ఎవరూ వెళ్లరు. ఒక్క కాలాన్ని పట్టుకుని ఆరు నెలలు దాన్నే వింటే ఆ ఇరవై నెల రోజుల్లో అరిగిపోతాయి. ఆ తర్వాత మిగిలిన రెండు మూడు వందల పాటలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఈ పని చేయడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి కారణం లేదు.

ముందు తేల్చుకోవాల్సింది కాలానికి గట్టు ఎక్కడ వేయాలన్నది. చాలామంది డెబ్భైలు, ఎనభైలు అని పదేళ్ల చొప్పున కోస్తారు. ఆ కోత పాటకు సరిపోదు. 1979 డిసెంబరుకీ 1980 జనవరికీ మధ్య పాటలో ఏమీ మారలేదు. మనిషి పోయినప్పుడు, మనిషి వచ్చినప్పుడు, రికార్డు చేసే పద్ధతి మారినప్పుడు పాట మారుతుంది. గట్టు అక్కడ వేయాలి.

తెలుగు సినిమా పాటలో అలాంటి గట్లు నాలుగైదు స్పష్టంగా కనిపిస్తాయి. 1951లో పాతాళభైరవి, మల్లీశ్వరి రెండూ వచ్చాయి. ఒకదానికి ఘంటసాల, ఇంకోదానికి సాలూరి రాజేశ్వరరావు. తెలుగు పాటకు తనదైన నడక అక్కడ స్థిరపడింది. తర్వాతి గట్టు 1974. ఆ ఏడాది ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. అదే ఏడాది ఓ సీత కథతో వేటూరి సినిమా పాటలోకి వచ్చారు. గొంతు ఒకటి ఆగింది, కలం ఒకటి మొదలైంది, రెండూ ఒకే సంవత్సరంలో. ఇంతకన్నా బలమైన సరిహద్దు రాయి మన పాటలో ఇంకోటి లేదు. ఆ తర్వాత 1986లో సిరివెన్నెల సినిమాతో సీతారామశాస్త్రి, 1987లో రమేశ్ నాయుడు మరణం. 1990లో కీరవాణి తొలి సినిమా, 1992లో రెహమాన్ రాక. కీబోర్డు, కంప్యూటర్ ఆర్కెస్ట్రాలో సగం అయిన రోజులవి. పాటల రికార్డింగు కూడా మెల్లమెల్లగా మద్రాసు నుంచి హైదరాబాదుకు కదిలింది. 2000 తర్వాత సీడీ, ఎంపీ3 కాలం. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దొరకడంలో ఇబ్బంది లేదు, శబ్దంలో ఇబ్బంది లేదు, సంవత్సరాలు సరిగ్గానే ఉంటాయి. అది కావాలనుకుంటే ఈ పోస్టులో సగం మీకు అవసరం ఉండదు.

ఎన్నేళ్లు ఉండాలి? ఎనిమిదేళ్లకన్నా తక్కువైతే ఒకరిద్దరు సంగీత దర్శకుల చేతి కిందే తిరుగుతూ ఉంటారు, రెండో నెలకే మొహం మొత్తుతుంది. ఇరవై దాటితే గట్టు ఉన్నా లేనట్టే. పన్నెండు నుంచి పదహారేళ్లు సరైన కొలత.

నేను సిఫారసు చేసేది 1974 నుంచి 1987 దాకా, పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో ఒకరితో ఒకరికి పోలిక లేని సంగీత దర్శకులు ఒకేసారి పనిచేస్తున్నారు. సాహిత్యం ముందు తీసుకుని దానికి వరస కట్టే కె.వి. మహదేవన్, ఆయన పక్కన సహాయకుడు పుహళేంది. తక్కువ వాయిద్యాలతో ఎక్కువ ఖాళీ వదిలే రమేశ్ నాయుడు. వేగంగా, జనం నోట్లో పడేలా కట్టే చక్రవర్తి. సత్యం. కన్నడంలో తాము చేసిన ట్యూన్లనే ఎన్నిటినో తెలుగులోకి తెచ్చిన రాజన్–నాగేంద్ర. రెండో సగంలో ఇళయరాజా. గొంతులకు వస్తే బాలసుబ్రహ్మణ్యం, సుశీల, జానకి, వాణీ జయరాం, ఏసుదాసు. రాసినవాళ్లలో వేటూరి, ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, సినారె. చివరి ఇద్దరినీ ప్రత్యేకంగా చెప్పాలి. సినిమా మద్రాసులో తయారవుతున్న రోజుల్లో ఇక్కడ హైదరాబాదులో ఉంటూ, సినారె అయితే ఉస్మానియాలో పాఠాలు చెబుతూ, పాటలు రాశారు. 1975లో ముత్యాలముగ్గుకు హైదరాబాదు కవి గుంటూరు శేషేంద్ర శర్మ రాసిన పాట ఉంది. ఊరి పేరు పాటలో వినపడకపోయినా ఈ ఊరి కవుల చెయ్యి ఆ కాలం పాటలో ఉంది.

అయినా ఎవరి చెవి వారిది. ఎంచుకునే ముందు మూడు సాయంత్రాలు పరీక్ష పెట్టుకోండి. ఒక్కో సాయంత్రం ఒక్కో కాలం నుంచి పన్నెండు పాటలు. షరతు ఒకటే: వాటిలో పది మీకు తెలియనివై ఉండాలి. తెలిసిన పాటతో పరీక్ష పెడితే మీ జ్ఞాపకాలు మార్కులు వేస్తాయి, చెవి వేయదు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటున్నప్పుడు ఏ పాట నోట్లో ఆడుతోందో చూడండి. పల్లవి ఆడుతుంటే మీకు సాహిత్యం, గొంతు ముఖ్యం. 1951–74 లోంచి ఒక పద్నాలుగేళ్ల ముక్క గానీ 1974–87 గానీ తీసుకోవచ్చు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వయొలిన్ల బిట్టు ఆడుతుంటే మీరు ఆర్కెస్ట్రా మనిషి. 1983 నుంచి 1996 దాకా గీసుకుంటే సుఖపడతారు. తాళం మాత్రమే మిగిలితే 1998 తర్వాతకి వెళ్లండి. మణిశర్మ, దేవిశ్రీ మీ కోసం ఉన్నారు.

ఇక జాబితా. 300 పాటలు చాలు. ఎక్కువమంది దీన్ని సంగీత దర్శకుడి వారీగా కడతారు. అలా కడితే ఇళయరాజా ఒక్కరే 150 తినేస్తారు. సంవత్సరం వారీగా కట్టండి. ఏడాదికి 21 పాటలు, పద్నాలుగేళ్లకు 294. ఒక సినిమా నుంచి రెండుకు మించి వద్దు. ఏ ఒక్క సంగీత దర్శకుడివీ 60 దాటొద్దు. ఈ రెండు హద్దులూ పెట్టగానే 1976, 1978 లాంటి ఏళ్లలో 21 నింపడానికి వెతుక్కోవాల్సి వస్తుంది. మీరు ఎన్నడూ వినని పాటలు దొరికేది ఆ వెతుకులాటలోనే.

వెతుకుతున్నప్పుడు మొదటి తప్పు సంవత్సరం దగ్గర జరుగుతుంది. యాప్‌లలో పాట పక్కన కనిపించే సంవత్సరం చాలాసార్లు సినిమా విడుదలైనది కాదు, ఆ ఆల్బం డిజిటల్‌గా పెట్టినది. 1977 పాట 2014 అని కనిపిస్తుంది. "సుశీల హిట్స్" లాంటి సంకలనంలోంచి తీసుకుంటే అసలు సినిమా పేరే ఉండదు. కాబట్టి యాప్‌లో సంవత్సరం వడపోతను నమ్మొద్దు. సినిమా టైటిల్స్ యూట్యూబులో దొరుకుతాయి. అక్కడ సంగీతం, సాహిత్యం, గాయకులు, సహాయకులు అందరి పేర్లూ వరసగా పడతాయి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ పెట్టండి.

రెండో తప్పు ఒకే పేరున్న సినిమాలతో. ఆరాధన అని వెతికితే మూడు తెలుగు సినిమాలు వస్తాయి: 1962లో సాలూరి రాజేశ్వరరావుది, 1976లో సాలూరి హనుమంతరావుది, 1987లో ఇళయరాజాది. మన గట్టు లోపల రెండు, బయట ఒకటి. దేవదాసు కూడా అంతే: 1953, 1974, 2006. 1974ది రమేశ్ నాయుడి సంగీతం, అంటే మన జాబితాలోకి వస్తుంది. 1953 పాటల వెలుగులో పడి దాన్ని చాలామంది వినలేదు. ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికేటప్పుడు సుశీల పేరులో హెచ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి కొట్టండి. ఫలితాలు వేరుగా వస్తాయి. తెలుగు లిపిలో మూడోసారి.

మూడో తప్పు మళ్లీ పాడించిన పాటలు. హక్కులు లేని కంపెనీలు వేరే గాయకులతో అవే పాటలు పాడించి అమ్ముకున్నాయి. యాప్‌లో బొమ్మ పాత సినిమాదే ఉంటుంది. ఇవి పట్టుకోవడం సులువు. పాట మొదలయ్యే ముందు వాయించే ప్రిల్యూడ్ కుదించి ఉంటుంది, వయొలిన్లు పదిమంది వాయించినట్టు కాకుండా ఒక కీబోర్డు నుంచి వచ్చినట్టు సాఫీగా ఉంటాయి, తబలా ప్రతి ఆవృతంలోనూ ఒకేలా కొడుతుంది. మనిషి వాయించిన తబలా చరణం చివర ఎక్కడో ఒకచోట ఉత్సాహంతో కాస్త నిండుగా కొట్టి తీరుతుంది.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. రికార్డు మీద వచ్చిన పాట, సినిమాలో ఉన్న పాట ఒకటే కాకపోవచ్చు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల చిల్లర. దాంట్లో ఇమడడానికి చరణం ఎగరగొట్టడమో, పాటను రెండు పక్కలకూ సర్దడమో చేసేవారు. మన కాలంలో ఇంకా ఎక్కువసేపు పాడే ఈపీ, ఎల్పీ రికార్డులు వచ్చాయి కాబట్టి బాధ తగ్గింది, పూర్తిగా పోలేదు. నాలుగు పాటల ఈపీలో పక్కకు రెండు చొప్పున ఇరికించాలి. పాటలో రెండే చరణాలు ఉండి, మూడోది ఎక్కడో విన్నట్టు గుర్తుంటే సినిమా చూడండి. అక్కడ ఉండొచ్చు.

సినిమాలోంచి పాట తీసుకుంటే మాత్రం శ్రుతి పెరిగి ఉండే అవకాశం ఉంది. ఈ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత పాట "ఎందుకో కీచుగా ఉంది" అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25. రీలును వీడియోకి ఎక్కించేటప్పుడు 24ని అలాగే 25 వేగంతో తోలేస్తే బొమ్మతోపాటు శబ్దమూ 4 శాతం వేగంగా నడుస్తుంది. 240 సెకన్ల పాట 230 సెకన్లలో అయిపోతుంది. హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు తేడా దాదాపు 6 శాతం. అంటే శ్రుతి ముప్పావు మెట్టు దాకా పెరిగినట్టు. బాలు గొంతు కుర్రవాడిగా, సుశీల గొంతు చిన్నపిల్లలా వినపడుతుంది. పాత వీసీడీ, డీవీడీ, టీవీ నుంచి తీసి యూట్యూబులో పెట్టిన పాటల్లో ఇది విపరీతం. పరీక్ష ఏమిటంటే, అదే పాట ఆడియో కంపెనీ పెట్టినది తెచ్చి మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా రెండింటి నిడివి కొలవండి. 230కి 240 లెక్కలో తేడా ఉంటే జబ్బు తెలిసినట్టే. కంప్యూటర్లో ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేర్‌లో వేగం మార్చే ఎఫెక్టుకు వెళ్లి మైనస్ 4 ఇవ్వండి. శ్రుతిని ఒక్కదాన్నే మార్చేది వాడకండి, వేగం, శ్రుతి రెండూ కలిసి తగ్గాలి. క్యాసెట్ నుంచి ఎక్కించినవాటికీ వేగం తేడాలుంటాయి గానీ అవి ఒకటి నుంచి మూడు శాతం మధ్య ఎటైనా ఉండొచ్చు, ఒక లెక్క అంటూ లేదు. తంబూరా యాప్ పెట్టి షడ్జం, అంటే "స", కలిపి చూడండి. రెండు మెట్ల సరిగ్గా నడుమ పడుతుంటే అనుమానించాలి.

తర్వాతి జబ్బు దొంగ స్టీరియో. మన కాలంలో మొదటి సగం పాటలు మోనో. వాటిని తర్వాత అమ్మేటప్పుడు "స్టీరియో" అనిపించుకోవడానికి ఒక చెవికి పైస్థాయి, ఇంకో చెవికి కిందిస్థాయి ఎక్కువ పంపడం, లేదా ఒక పక్కను కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేయడం ఉండేది. ఇయర్‌ఫోన్లలో వింటే గాయని తల నడుమ నిలబడదు, గొంతు ఎడమ నుంచి కుడికి పూసినట్టు ఉంటుంది. పది నిమిషాల్లో తల బరువెక్కుతుంది. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ. అది నొక్కితే మొదటి రకం బాగుపడుతుంది. రెండో రకం, ఆలస్యం చేసినది, బాగుపడదు సరికదా డొల్లగా, రేకుల షెడ్డులో పాడినట్టు మారుతుంది. దానికి మందు వేరు: ఆడాసిటీలో రెండు ఛానళ్లను విడదీసి, వాటిలో శుభ్రంగా ఉన్నది ఉంచుకుని రెండోది తీసేయడం.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది అతిగా శుభ్రం చేసిన పాట. రికార్డు మీది చిటపట, టేపు మీది సన్నటి హోరు తీసేయడానికి నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడతారు. హోరు పోతుంది, దాంతోపాటు స, శ, ష ల మధ్య తేడా కూడా పోతుంది. సుశీల గొంతులో "శ" పలికే తీరు తెలుగు పాటకు ఒక ఆభరణం. శుభ్రం చేసిన పాటలో అది ఉత్త గాలిగా మిగులుతుంది. గజ్జెల చప్పుడు నీళ్లలో మునిగినట్టు వినపడుతుంది. వేణువు ఆగాక మిగిలే గది గాలి ఠక్కున తెగిపోతుంది. రెండు కాపీలు దొరికితే హోరు ఉన్నదాన్నే ఉంచుకోండి. నాలుగు రోజుల్లో చెవి హోరును పక్కకు నెట్టేస్తుంది. పోయిన "శ" మాత్రం ఎప్పటికీ తిరిగిరాదు.

ఈక్వలైజర్ సంగతి క్లుప్తంగా: 80 హెర్ట్జ్ కిందది కోసేయండి, అక్కడ ఉండేది మోటారు గురగుర. 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పెంచితే మాట స్పష్టమవుతుంది. 8 కిలోహెర్ట్జ్ పైన ముట్టుకోవద్దు. ఆ రోజుల ఆప్టికల్ సౌండ్‌ట్రాకు (సినిమా రీలు అంచున ఉండే శబ్దపు గీత) ఆ పైన పెద్దగా ఏమీ మోసుకురాలేదు, పెంచితే పెరిగేది హోరే. బేస్ బూస్ట్ పూర్తిగా ఆపేయండి. అది పెట్టి మృదంగం వింటే ఎడమ తల బూరగా, కుడి తల లేనట్టుగా అవుతుంది. ఎంపీ3 అయితే 320 కేబీపీఎస్‌లో 300 పాటలు ఇంచుమించు 3 జీబీ. ఫోన్లో దించేసుకోండి, నెట్టు మీద ఆధారపడొద్దు.

యాప్‌లలో దొరకనివి బజార్లో దొరుకుతాయి. ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో పాత పాటల పుస్తకాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన నాలుగైదు కాగితాల పుస్తకాలవి. పాట పూర్తి సాహిత్యం, రాసినవారి పేరు ఉంటాయి కాబట్టి జాబితాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. క్యాసెట్లు, రికార్డుల కోసం జుమ్మేరాత్ బజార్ గురువారం పొద్దున్నే వెళ్లాలి. రికార్డు కొనేటప్పుడు వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. గీతలు గాడికి అడ్డంగా ఉంటే టక్ టక్ మంటుంది గానీ పాట నిలుస్తుంది. గాడి వెంబడి బూడిద రంగు మెరుపు ఉంటే మొద్దుబారిన సూదితో అరగదీసినది, వదిలేయండి. 78 రికార్డు చేతికొస్తే స్పిరిట్‌తో తుడవొద్దు. అది లక్కతో చేసింది, ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. ఎల్పీ సూదితో కూడా వేయొద్దు. 78 గాడి వెడల్పు, దానికి దాదాపు 75 మైక్రాన్ల సూది కావాలి. ఎల్పీ సూది 25 లోపు ఉంటుంది కాబట్టి గాడి అడుగుకు దిగి చెత్తంతా దువ్వుతుంది, పాట తక్కువ, గరగర ఎక్కువ.

క్యాసెట్ అయితే ముందు లోపల ఆ చిన్న స్పాంజి మెత్త ఉందో లేదో చూడండి. టేపును హెడ్డుకు ఆనించేది అదే. ఊడిపోతే పాట మూగగా, దూరంగా వస్తుంది, జనం క్యాసెట్ పాడైందని పారేస్తారు. పనికిరాని ఇంకో క్యాసెట్‌లోంచి తీసి అతికిస్తే లేచి కూర్చుంటుంది. వేసే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి మళ్లీ వెనక్కి తిప్పండి, ఏళ్ల తరబడి అంటుకున్న చుట్లు విడతాయి. డెక్కు తిరగకపోతే తొంభై శాతం బెల్టే. రబ్బరు కరిగి తారులా అయి ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొలత చెప్పి అడగండి, అందాజుగా తెస్తే సరిపోదు. పొడవు ఎక్కువైతే వేగం ఆడుతుంది, తక్కువైతే మోటారు మీద బరువు పడుతుంది. కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుని, 44.1 కిలోహెర్ట్జ్‌లో మొత్తం ఒక పక్క ఒకే ఫైలుగా తీసి తర్వాత ముక్కలు చేయండి. పాట పాటకీ ఆపి తీస్తే మొదటి హమ్మింగ్ తెగుతుంది.

వినడానికి ఒక పద్ధతి పెట్టుకోండి. వారానికి రెండు సంవత్సరాలు, అంటే 42 పాటలు, ఇంచుమించు మూడు గంటలు. ఏడు వారాలకు ఒక చుట్టు. మూడు చుట్లకు 21 వారాలు, ఐదు నెలలు. ఆరో నెల ఇష్టమొచ్చినట్టు. మొదటి చుట్టులో సంవత్సరాల వరస తప్పొద్దు, షఫుల్ వద్దు. ఆటోప్లే తప్పనిసరిగా ఆపండి. జాబితా అయిపోగానే యాప్ తనకు తోచింది మొదలుపెడుతుంది, రెండు పాటల్లో 2005కి చేరుస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో దాదాపు గంట, పన్నెండు పదమూడు పాటలు. అయితే రైలు హోరు కిందిస్థాయిలో ఉంటుంది, తబలా బాయా, బేస్ గిటారు అందులో కలిసిపోతాయి. అది వినపడాలని వాల్యూమ్ పెంచేస్తాం, గొంతు చెవిలో గుచ్చుకుంటుంది. మెట్రోలో గొంతు ముందుండే పాటలు పెట్టుకోండి, మహదేవన్‌వి, సత్యంవి. ఇళయరాజా వయొలిన్లు, బేస్ గిటారు ఇంటికి దాచుకోండి, రాత్రి తొమ్మిది తర్వాత స్పీకర్‌లో. ఇల్లూ వీధీ సద్దుమణిగాక 102.8 మెగాహెర్ట్జ్‌లో వివిధ భారతి పెట్టినా తప్పు లేదు. మీ గట్టు బయటి పాట వస్తే కట్టేయనక్కర్లేదు. నియమం మీరు పెట్టుకునే పాటకే, పెళ్లి పందిట్లోనో ఆటోలోనో వినపడేదానికి కాదు.

మూడో వారం నాలుగో వారం మధ్య విసుగు వస్తుంది. అది తప్పక వస్తుంది. తెలిసిన పాటలు అరిగి, తెలియనివి ఇంకా పరిచయం కాని సంధికాలం అది. చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ వారం 42 పాటలు వద్దు, ఆరు పాటలు చాలు, ఒక్కోటి ఏడుసార్లు. మొదటిసారి గొంతు మాత్రమే, రెండోసారి తాళం, మూడోసారి మొదటి ఇంటర్‌లూడ్ (పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యాల బిట్టు), నాలుగోసారి రెండోది. యాభైల పాటల్లో రెండు ఇంటర్‌లూడ్‌లూ తరచుగా ఒకటే. ఇళయరాజా దగ్గరికొచ్చేసరికి రెండోది పూర్తిగా వేరు, ఒక్కోసారి మొదటిదానికి జవాబులా ఉంటుంది. ఇది ఒకసారి చెవికి తగిలిందంటే విసుగు దానంతటదే పోతుంది.

మిగిలిన మూడుసార్లూ సాహిత్యానికి. ఇక్కడ ఒక పని చేయండి, పెన్నూ కాగితంతో. పాట రెండు చరణాలూ ఒకదాని పక్కన ఒకటి రాసి, ఏ పాదానికి ఆ పాదం గురువులు, లఘువులు లెక్కపెట్టండి. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. రెండు చరణాల్లోనూ ప్రతి పాదం మాత్రలు అచ్చంగా సరిపోయి, ఎక్కడో ఒక "లే", "మరి", "ఇక" అర్థానికి అవసరం లేకుండా వచ్చి కూర్చుంటే అది ట్యూన్ ముందు ఇచ్చి దాని కొలతకు రాయించిన పాట అయ్యే అవకాశం ఎక్కువ. పాదాలు పొడుగూ పొట్టిగా ఉండి, వరస వాటి కోసం వంగి, పొడుగు పాదం దగ్గర గాయకుడు ఊపిరి దాచుకుని పాడుతుంటే సాహిత్యం ముందు పుట్టింది. మహదేవన్ పాటల్లో రెండోది ఎక్కువ. 1982 మేఘసందేశంలో ఇది ఇంకా స్పష్టంగా వినపడుతుంది. దాంట్లో దేవులపల్లి కృష్ణశాస్త్రి కవితలు ఉన్నాయి, ఆయన 1980లోనే పోయారు. అంటే మాటను మార్చే వీలు ఎవరికీ లేదు, వరసే ఒదగాలి. రమేశ్ నాయుడు ఏ అక్షరం మీద ఆగారో, ఏ దీర్ఘాన్ని సాగదీశారో, ఏ హ్రస్వాన్ని హ్రస్వంగానే వదిలేశారో కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ వినండి. తర్వాత అదే సినిమాలోని వేటూరి పాటకు అదే లెక్క చేసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఈ ఒక్క పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పడుతుంది.